పార్కిన్సన్స్ వ్యాధి: ఆరంభ వయస్సుపై జీవనశైలి ప్రభావం ఎంత?

(ఏప్రిల్ 11, ప్రపంచ పార్కిన్సన్స్ దినం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

నాడీమండలానికి సంబంధించిన వ్యాధులలో అతి వేగంగా పెరుగుతున్న వాటిలో పార్కిన్సన్స్ వ్యాధి ముందు వరుసలో ఉన్నది. 1990లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 25 లక్షల మంది ఈ వ్యాధితో బాధపడుతుండగా 2016 నాటికి ఈ సంఖ్య 61 లక్షలకు చేరినట్లు అంతర్జాతీయ వ్యాధిభార అధ్యయనం అంచనా వేసినది. 2019లో 85 లక్షలకు పైబడినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. అంచనా పద్ధతులు వేరైనప్పటికీ పెరుగుదల విషయంలో భిన్నాభిప్రాయం లేదు. ఆయుర్దాయం పెరిగి వృద్ధుల సంఖ్య హెచ్చడమే ఇందుకు ప్రధాన కారణం. అయితే వయస్సు ప్రభావాన్ని మినహాయించి లెక్కించినా కొంత పెరుగుదల మిగులుతున్నందున పరిసరాలు, వృత్తి, అలవాట్లపై పరిశోధకుల దృష్టి కేంద్రీకృతమైనది.

ఈ పరిశోధనల సారాంశం పత్రికలలో తరచుగా కనిపిస్తున్నది. కాఫీ తాగేవారికి ఈ వ్యాధి తక్కువని, ఫలానా ఆహారం తీసుకుంటే వ్యాధి పదిహేడేళ్లు వాయిదా పడుతుందని, పొగతాగేవారికి రక్షణ ఉన్నదని వార్తలు వెలువడుతున్నవి. వీటిలో పూర్తిగా అసత్యమైనది లేదు. పూర్తిగా సత్యమైనది కూడా లేదు. ఆయా అధ్యయనాలు ఏమి చూపినవో, ఏమి చూపలేదో పాత్రికేయులు, అధికారుల అవగాహన కోసం ఇక్కడ వివరించబడుతున్నది.

వ్యాధి స్వరూపం

లండన్ నగరంలోని హాక్స్‌టన్ ప్రాంతంలో వైద్యవృత్తిలో ఉండిన జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగుల లక్షణాలను వర్ణిస్తూ ఒక చిన్న గ్రంథాన్ని ప్రచురించారు. ఆయన జన్మదినమే నేడు ప్రపంచ పార్కిన్సన్స్ దినంగా పాటించబడుతున్నది. ఆయన పేరును వ్యాధికి స్థిరపరచినవారు ఫ్రెంచి వైద్యుడు షార్కో. మెదడు మధ్యభాగంలో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించుట వలన కదలికలు మందగించును. విశ్రాంతిగా ఉన్నప్పుడు చేయి వణకుట, కండరాలు బిగుసుకొనుట, అడుగులు చిన్నవగుట, ముఖంలో భావం తగ్గుట, చేతివ్రాత రానురాను చిన్నదగుట ప్రధాన లక్షణాలు. మన గ్రామాలలో దీనిని వణుకుడు రోగమని వ్యవహరిస్తారు. ఆయుర్వేదంలో కంపవాతమని పేరు.

ఆయుర్వేద వైద్యులు వాడే దూలగొండి విత్తులలో ఎల్-డోపా అనే పదార్థం ఉన్నట్లు మద్రాసులో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి 1937లో నిరూపించారు. పార్కిన్సన్స్‌కు అదే పదార్థం మందుగా పనిచేస్తుందని వైద్యలోకం గ్రహించుటకు మరి రెండు దశాబ్దాలకు పైగా పట్టినది. పొడి రూపంలో ఏ మోతాదులో మందు అందుతున్నదో తెలియదు కనుక దూలగొండి చూర్ణాన్ని సొంతంగా వాడరాదు.

ఆరంభ వయస్సు అనగానేమి?

ఈ వ్యాధి సగటున 60 సంవత్సరాల ప్రాంతంలో బయటపడును. వయస్సు పెరిగేకొద్దీ కొత్త కేసులు హెచ్చును. స్త్రీలకంటే పురుషులలో సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. నూటికి 5 నుండి 10 మందిలో 50 ఏళ్లకు ముందే కనిపించును. అరుదుగా 21 ఏళ్లలోపు కూడా రావచ్చును. కావున దీనిని ముసలితనపు జబ్బుగా మాత్రమే పరిగణించుట పొరపాటు. నలభై ఏళ్ల వ్యక్తి భుజం నొప్పితో, ఒక చేయి ఊగకుండా నడుస్తూ వచ్చినప్పుడు కీళ్ల జబ్బుగా భావించి నెలల తరబడి వైద్యం చేయించుట జరుగుచున్నది.

అయితే ఈ 60 సంవత్సరాలు అనేది దేని వయస్సు? చేయి వణికిన రోజుదా, వైద్యుడు వ్యాధి పేరు చెప్పిన రోజుదా, మెదడులో కణనాశనం మొదలైన రోజుదా? ఈ మూడింటి మధ్య సంవత్సరాల తేడా ఉన్నది. కదలికలలో లోపం కనిపించేసరికే సబ్‌స్టాన్షియా నైగ్రాలోని డోపమైన్ కణాలలో సగం లేదా అంతకు మించి నశించి ఉండునని నిపుణుల అంచనా. తొలి మార్పులు గుర్తింపునకు రానంత స్వల్పమైనవనీ, తమకు ఎప్పుడు మొదలైనదో రోగులు అరుదుగా మాత్రమే చెప్పగలరనీ పార్కిన్సన్ తన గ్రంథంలోనే గమనించారు. రెండువందల ఏళ్లు గడిచినా ఆ మాట నేటికీ చెల్లుబాటు అవుతున్నది.

వణుకు రాకముందే వాసన తెలియకపోవుట, మలబద్ధకం, కలలో కేకలు వేస్తూ చేతులు కాళ్లు విసురుట వంటివి కనిపించవచ్చును. హోనలూలూలో పురుషులపై జరిగిన అధ్యయనంలో రోజుకు ఒకసారైనా విరేచనం కానివారికి, ప్రతిదినం అయ్యేవారితో పోల్చినప్పుడు, తరువాతి కాలంలో ఈ వ్యాధి వచ్చే అవకాశం 2.7 రెట్లు ఎక్కువని 2001లో వెల్లడైనది. కలలో కదిలే నిద్రలోపం గల 1,280 మందిని అనేక దేశాలలో పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 12 సంవత్సరాలలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి పార్కిన్సన్స్ లేదా తత్సంబంధిత మతిమరుపు వ్యాధి సంక్రమించినది. మలబద్ధకం గల ప్రతివారికీ పార్కిన్సన్స్ వచ్చునని దీని అర్థం కాదు, అత్యధికులకు రాదు. వ్యాధి పైకి కనిపించుటకు పది, పదిహేను సంవత్సరాల ముందే లోపల పని ప్రారంభించునన్నది గ్రహించవలసిన విషయం. ఆ కాలంలో మనిషి అలవాట్లను వ్యాధే మార్చవచ్చును. జీవనశైలి గురించిన ప్రతి వార్తనూ ఈ కోణంలో పరిశీలించవలసి ఉన్నది.

మనదేశంలో ముందుగా వస్తున్నదా?

భారతదేశంలోని ఆసుపత్రుల నుండి వెలువడిన పలు నివేదికలలో సగటు ఆరంభ వయస్సు పాశ్చాత్య దేశాలకంటే తక్కువగా నమోదైనది. దీనిని ఆధారంగా చేసుకొని భారతీయులకు ఈ వ్యాధి పదేళ్లు ముందుగా వస్తున్నదని వ్రాయుట కద్దు. ఇందులో జాగ్రత్త అవసరం. జనాభాలో యువకులు, నడివయస్కులు అధికంగా ఉన్న దేశంలో రోగుల సగటు వయస్సు సహజంగానే తక్కువగా ఉండును. పైగా పెద్ద ఆసుపత్రులకు ప్రయాణం చేసి రాగలవారిలో వృద్ధుల పాలు తక్కువ.

వయస్సు కూర్పు లెక్కలను ఎంతగా మార్చునో మనదేశంలోనే రెండు సర్వేలు తెలుపుచున్నవి. బొంబాయిలోని పార్సీ కాలనీలలో ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో లక్షకు 328 మందికి ఈ వ్యాధి ఉన్నట్లు 1988లో ప్రకటించారు. కాశ్మీర్ గ్రామీణ ప్రాంతంలో జరిగిన సర్వేలో లక్షకు 14 మంది మాత్రమే ఉన్నట్లు 1994లో తేలినది. అయితే అదే కాశ్మీర్ సర్వేలో 60 ఏళ్లు దాటినవారిని మాత్రమే లెక్కిస్తే లక్షకు 247 మంది ఉన్నారు. పార్సీలలో వృద్ధులు అధికం, కాశ్మీర్ గ్రామాలలో తక్కువ. వ్యత్యాసంలో సింహభాగం అక్కడే ఉన్నది.

కాఫీ: హోనలూలూ అధ్యయనం

హవాయి దీవులలోని ఓహూలో నివసించే జపాన్ సంతతి పురుషులు 8,004 మందిని గుండెజబ్బుల అధ్యయనం కోసం 1965-68 మధ్యకాలంలో నమోదు చేశారు. అప్పటికి వారి వయస్సు 45 నుండి 68 సంవత్సరాలు. ఏమి తింటున్నారో, ఏమి తాగుతున్నారో ఆనాడే వ్రాసి ఉంచారు. దాదాపు 30 సంవత్సరాల పరిశీలనలో 102 మందికి పార్కిన్సన్స్ వచ్చినది. 2000 సంవత్సరంలో ప్రచురించిన ఫలితాల ప్రకారం కాఫీ తాగనివారిలో ఏటా పదివేల మందికి 10.4 కేసులు నమోదు కాగా, అత్యధికంగా, అనగా రోజుకు దాదాపు 800 మిల్లీలీటర్లు, ఆపైన తాగేవారిలో 1.9 మాత్రమే నమోదైనవి. ఇది అయిదు రెట్ల వ్యత్యాసం.

ఈ అధ్యయనానికి విలువ ఎక్కడున్నదనగా, వ్యాధి వచ్చిన తరువాత జ్ఞాపకం తెచ్చుకొని చెప్పిన మాటలపై ఇది ఆధారపడలేదు. తరువాత ఇతర దేశాలలో జరిగిన అధ్యయనాలు కూడా ఇదే దిశను సూచించినవి. అంతమాత్రాన కాఫీ మందు కాజాలదు. వ్యాధి వచ్చినవారికి కెఫీన్ మాత్రలు ఇచ్చి చేసిన పరీక్షలో కదలికలలో మెరుగుదల కనిపించలేదని 2017లో వెల్లడైనది. ఉత్తేజాన్ని కోరి కాఫీని ఇష్టపడే స్వభావం డోపమైన్ బాగా ఉన్న మెదడు లక్షణమేమోనన్న సందేహం కూడా ఉన్నది. ఒక సామాన్య తెలుగు కుటుంబంలో రెండుపూటలా తాగే పాలు కలిపిన చిన్నగ్లాసు కాఫీని ఆ 800 మిల్లీలీటర్లతో సరిపోల్చుట సాధ్యం కాదు.

పొగాకు: అపార్థానికి తావివ్వరాదు

అన్నింటికంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైన అంశమిది. బ్రిటన్‌లో 1951లో ప్రారంభించి సుమారు 30 వేల మంది పురుష వైద్యులను 65 సంవత్సరాలపాటు పరిశీలించిన అధ్యయనంలో పొగతాగుతున్న వారికి పార్కిన్సన్స్ వచ్చే అవకాశం సుమారు 30 శాతం తక్కువగా ఉన్నట్లు 2020లో ప్రకటించారు. ఇటువంటి ఫలితం అనేక దేశాలలో పునరావృతమైనది. కనుక దానిని కాదనుటలో ప్రయోజనం లేదు. దానిని ఎట్లా అర్థం చేసుకోవలెనన్నదే ప్రశ్న. నికోటిన్ నిజంగా రక్షణ ఇచ్చునదైతే తొలిదశ రోగులకు ఉపకరించవలెను. 162 మందికి ఒక సంవత్సరం నికోటిన్ పట్టీలు అంటించి జర్మనీ, అమెరికాలలో జరిపిన పరీక్షలో ఎటువంటి మేలూ కలుగలేదని 2023లో తేలినది. వ్యాధి లోపల ప్రారంభమైనవారికి పొగాకు వలన కలిగే తృప్తి తగ్గి, వారు సులభంగా మానివేయుదురన్న వివరణను పలువురు పరిశోధకులు ముందుకు తెచ్చారు.

పొగాకు విస్తారంగా పండే, చుట్ట తాగే అలవాటు స్త్రీలలో సైతం ఉన్న ప్రాంతం మనది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతాలలో కాలుతున్న కొసను నోటిలో ఉంచుకొని తాగే అడ్డపొగ అలవాటు వలన అంగిలి క్యాన్సర్లు వచ్చుచున్నట్లు దశాబ్దాల క్రితమే నిర్ధారణ అయినది. దేశంలో ఏటా సుమారు 13 లక్షల మందికి పైగా పొగాకు కారణంగా మరణిస్తున్నారు. ఈ పరిస్థితిలో "పొగతో పార్కిన్సన్స్‌కు చెక్" అన్న శీర్షిక చదివినవారికి మిగిలేది ఆ మూడు మాటలే. లోపలి పేరాలలోని వివరణ వారిని చేరదు.

ఆహారం, ఆస్పిరిన్: ఒక లెక్క

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 167 మంది రోగుల ఆహారపు అలవాట్లను పరిశీలించి 2021లో ఫలితాలను ప్రచురించారు. ఆకుకూరలు, పప్పుదినుసులు, ముడిధాన్యాలు, గింజలు అధికంగా గల ఆహారాన్ని ఎక్కువగా పాటించిన స్త్రీలలో, అతి తక్కువగా పాటించిన వారితో పోల్చినప్పుడు, ఆరంభ వయస్సు 17 సంవత్సరాల వరకు ఎక్కువగా ఉన్నది. పురుషులలో మధ్యధరా ప్రాంతపు ఆహారానికి ఈ తేడా 8 సంవత్సరాల వరకు ఉన్నది. పత్రికలలో వచ్చిన "పదిహేడేళ్ల" వార్తకు మూలం ఇదే. అధ్యయనం చిన్నది, వ్యాధి వచ్చిన తరువాత అడిగి తెలుసుకొన్న ఆహారం ఇది. వ్యాధి రానివారికి ఈ ఆహారం పెట్టి వేచిచూచిన పరీక్ష కాదు.

రోగులలో మాత్రమే ఆరంభ వయస్సును పోల్చే అధ్యయనాలలో మరొక చిక్కు ఉన్నది. కాఫీ, పొగాకు, ఆస్పిరిన్ వాడినవారిలో వ్యాధి ఆలస్యంగా ఆరంభమైనట్లు 2022లో ఒక విశ్లేషణ వెలువడినది. ఆస్పిరిన్‌ను సాధారణంగా పెద్దవయస్సులో గుండెజబ్బు భయంతో వాడుదురు. 68వ ఏట వ్యాధి వచ్చిన వ్యక్తి అప్పటికే ఆస్పిరిన్ వాడి ఉండే అవకాశం, 45వ ఏట వచ్చిన వ్యక్తికంటే సహజంగానే ఎక్కువ. ఆస్పిరిన్ వ్యాధిని ఆపినదా, లేక వయస్సే ఆస్పిరిన్‌ను తెచ్చినదా అన్నది ఈ లెక్కతో తేలదు. "వాయిదా పడినది" అని వ్రాయుటకు ముందు ఈ ప్రశ్న వేసుకొనుట మంచిది.

వ్యాయామం

వ్యాయామం విషయంలోనూ కారణం, ఫలితం తారుమారయ్యే అవకాశం ఉన్నది. బ్రిటన్‌లో లక్షమందికి పైగా ముంజేతికి కదలికలను కొలిచే పరికరాన్ని ఒక వారం ధరింపజేసి సేకరించిన వివరాలను విశ్లేషించగా, వ్యాధి నిర్ధారణకు ఏడు సంవత్సరాల ముందే కదలికల వేగం తగ్గుచున్నట్లు 2023లో వెల్లడైనది. అనగా నడక తగ్గినందున వ్యాధి రాలేదు; వ్యాధి వలన నడక తగ్గినది. అయితే అదే సంవత్సరం ఫ్రాన్స్ నుండి వెలువడిన అధ్యయనం ఈ సందేహానికి కొంతవరకు సమాధానం ఇచ్చినది. 95 వేల మందికి పైగా స్త్రీలను, వారిలో అధికభాగం ఉపాధ్యాయినులు, దాదాపు మూడు దశాబ్దాలు పరిశీలించి, నిర్ధారణకు చాలా సంవత్సరాల ముందటి శ్రమను మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. అత్యధికంగా శ్రమించిన వర్గానికి ముప్పు 25 శాతం తక్కువగా ఉన్నది. ఇంటిపని, తోటపని కూడా ఈ లెక్కలో ఉన్నవి. వ్యాధి వచ్చిన తరువాత సైతం క్రమబద్ధమైన వ్యాయామం కదలికలకు మేలు చేయునని నెదర్లాండ్స్, అమెరికాలలో జరిగిన పరీక్షలు చూపినవి. అలవాట్ల జాబితాలో నిస్సంకోచంగా సిఫారసు చేయదగినది ఇదొక్కటే.

పురుగుమందులు, గడ్డిమందులు

వ్యవసాయ రాష్ట్రాలకు అత్యంత ప్రధానమైన అంశమిది. దీనిని అలవాటు అనుట సరికాదు, ఇది జీవనోపాధి. 1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, అక్రమంగా తయారైన ఒక మత్తుమందును సూదితో ఎక్కించుకొన్న యువకులు కొద్దిరోజులలోనే కొయ్యబారిపోయారు. అందులోని ఎంపీటీపీ అనే పదార్థం డోపమైన్ కణాలను నేరుగా చంపినట్లు తేలినది. బయటి రసాయనం ఒక్కటే ఈ లక్షణాలను కలిగించగలదని స్పష్టమైనది. ఆ పదార్థం శరీరంలో మారిన తరువాత ఏర్పడే రూపానికి, పారాక్వాట్ అనే గడ్డిమందుకు రసాయన నిర్మాణంలో పోలిక ఉన్నందున పరిశోధకుల దృష్టి పొలాలవైపు మళ్లినది.

అమెరికాలోని అయోవా, నార్త్ కరొలైనా రాష్ట్రాలలో మందులు చల్లే రైతులు, వారి కుటుంబ సభ్యులపై జరిగిన అధ్యయనంలో పారాక్వాట్, రోటెనోన్‌లలో ఏ ఒక్కటి వాడినవారికైనా ఈ వ్యాధి సుమారు రెండున్నర రెట్లు అధికంగా ఉన్నట్లు 2011లో ప్రచురించారు. అదే బృందంపై 2015లో వెలువడిన మరొక విశ్లేషణకు తగిన ప్రచారం లభించలేదు. మందు కలిపేటప్పుడు, చల్లేటప్పుడు రక్షణ చేతితొడుగులు ధరించే అలవాటు ఉన్నవారిలో పారాక్వాట్‌తో ఈ సంబంధం కనిపించలేదు. ఐరోపా సమాఖ్యలో పారాక్వాట్ వాడుక 2007లో నిలిచిపోయినది. పురుగుమందుల ప్రభావానికి గురైన వ్యవసాయ కార్మికులలో పార్కిన్సన్స్‌ను వృత్తి వ్యాధిగా ఫ్రాన్స్ 2012లో గుర్తించి పరిహారానికి అర్హత కల్పించినది.

గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల పత్తి, మిరప చేలలో డబ్బా మూతతో మందు కొలిచి, ఒట్టి చేతితో కలిపి, వీపున డబ్బా తగిలించుకొని చల్లుట సర్వసాధారణం. ఎండలో తొడుగులు ధరించుట కష్టమనుటలో నిజం ఉన్నది. అయినను అన్ని జాగ్రత్తలూ పాటించలేనిచోట మందు కలిపే కొద్ది నిమిషాలైనా తొడుగు ధరించుట, పని ముగియగానే సబ్బుతో చేతులు కడుగుకొనుట, ఆ బట్టలను వేరుగా ఉతుకుట సాధ్యమైన పనులే. వ్యవసాయ విస్తరణ సిబ్బంది తమ సమావేశాలలో ఈ అంశాన్ని తక్షణ విషప్రభావంతోపాటు ప్రస్తావించవచ్చును.

పరిశ్రమలలో నూనె జిడ్డును తొలగించుటకు వాడే ట్రైక్లోరోఇథిలీన్ కూడా అనుమానితుల జాబితాలో ఉన్నది. తాగునీటిలో అది కలిసిన అమెరికా సైనిక శిబిరంలో నివసించిన వారికి, అటువంటి కాలుష్యం లేని మరొక శిబిరంవారికంటే, 70 శాతం అధిక ముప్పు ఉన్నట్లు 2023లో తేలినది.

వంశం, మేనరికం

చిన్నవయస్సులో వచ్చే కేసులలో జన్యులోపాల పాత్ర ఎక్కువ. 1998లో కనుగొన్న పార్కిన్ జన్యువు తల్లి, తండ్రి ఇరువురి నుండీ లోపంతో సంక్రమించినప్పుడు వ్యాధి తరచుగా నలభైలోపే మొదలగును. మేనరికాలు అధికంగా గల దక్షిణాది కుటుంబాలలో ఇటువంటి లోపాలు జతపడే అవకాశం ఎక్కువ. జన్యులోపం ఉన్నంతమాత్రాన వయస్సు ముందే నిర్ణయమై ఉండదు. ఎల్ఆర్ఆర్‌కె2 అనే జన్యువులో ఒకే మార్పు గల ట్యునీషియా రోగులలో కూడా ఆరంభ వయస్సు విస్తృతంగా మారుచున్నదనీ, పొగాకు, బ్లాక్ టీ వాడకంతో దానికి సంబంధం ఉన్నదనీ 2020లో వెల్లడైనది. దీనికి సైతం పైన చెప్పిన జాగ్రత్తలన్నీ వర్తించును.

చికిత్సకు సంబంధించి

వణికిన ప్రతి చేయీ పార్కిన్సన్స్ కాదు. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకు దీర్ఘకాలం వాడే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, కొన్ని మానసిక వ్యాధుల మందుల వలన కూడా ఇవే లక్షణాలు వచ్చును. వైద్యుని సలహాపై వాటిని మానినచో నెలల వ్యవధిలో చాలామందిలో తగ్గిపోవును. అందువలన వయస్సుతో నిమిత్తం లేకుండా, వాడుతున్న మందుల చీటీలన్నీ వెంట తీసుకొని నరాల వ్యాధుల నిపుణుని సంప్రదించవలెను. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రలు 2022 జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నవి. మాంసకృత్తులు ఈ మందును శరీరం గ్రహించుటకు అడ్డుపడును కనుక సాధారణంగా భోజనానికి అరగంట ముందు వేసుకొనవలసిందిగా వైద్యులు సూచిస్తున్నారు. మాత్రలను అకస్మాత్తుగా ఆపినచో ప్రాణాపాయ స్థితి ఏర్పడవచ్చును.